పేర్లు కత్తిరించనన్న తాళమక్క

మా విభాగంలో కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలోనే ఒక పొరపాటు చేస్తారు. స్టోర్ రూమ్ తాళం కనపడకపోతే నేరుగా తాళమక్క దగ్గరికెళ్లి చెయ్యి చాపుతారు. ఆవిడ చేస్తున్న పని ఆపకుండానే, "నేను తాళం వేస్తాను గానీ నా దగ్గర తాళాలుండవమ్మా" అంటుంది. వాళ్లకి అర్థం కాదు. నా టేబుల్ దగ్గరికొచ్చి గుసగుసగా అడుగుతారు, ఆవిడ సంగతేంటని. తొమ్మిదేళ్లుగా ఈ విభాగం ముందు టేబుల్ దగ్గర కూర్చుని రిజిస్టర్ రాస్తున్నదాన్ని నేనే కాబట్టి, చెప్పే పని కూడా నాదే.

మాది ఆసుపత్రిలో రెండో అంతస్తు, ఫిజియోథెరపీ. పక్షవాతం వచ్చి ఒక పక్క చచ్చుబడినవాళ్లని మళ్లీ నడిపించడం తాళమక్క పని. హోదా సహాయకురాలే. కానీ ఆ పొడుగాటి హాల్లో రెండు ఇనుప కడ్డీల మధ్య నిలబడ్డ మనిషికి డాక్టర్ కనపడడు, ఈవిడే కనపడుతుంది. పేషెంట్ నడుముకి బెల్టు కట్టి, ఆ బెల్టు వెనకనుంచి పట్టుకుని, పక్కనే అడుగులో అడుగు వేస్తూ నోటితో తాళం వేస్తుంది. "తా... తక్, తా... తక్." అలా ఆ పేరొచ్చింది. అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

ఈ పద్ధతి ఆవిడ ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆవిడకి పంతొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్నకి పక్షవాతం వచ్చింది. ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేసే మనిషి, ఎడమకాలు పడిపోయింది. ఇక కుర్చీయే గతి అన్నారు. వాళ్లన్నయ్య అప్పటికే పాటల ట్రూపులో డ్రమ్స్ వాయిస్తున్నాడు. ఒకరోజు ఊరికే మంచం పక్కన కూర్చుని ఖాళీ నూనె డబ్బా మీద వాయిస్తుంటే నాన్న కుడికాలు కదిలింది. కాసేపటికి ఎడమ మడమ కూడా కదిలింది. మామూలు దరువుకి కాదు. అన్నయ్య ఒక దెబ్బ చిన్నదిగా, తర్వాతి దెబ్బ సాగదీసి వాయించినప్పుడు. మంచి కాలికి చిన్న దెబ్బ చాలు, చచ్చుబడిన కాలికి ఇంకాస్త సమయం కావాలి. అన్నాచెల్లెళ్లిద్దరూ అది పట్టేశారు. నాన్న ఆ తర్వాత పదకొండేళ్లు నడిచాడు.

ఫిజియోథెరపీ సహాయకుల కోర్సు చదివి ఉద్యోగంలో చేరాక అన్నయ్యని కూర్చోబెట్టి అలాంటి దరువులు రికార్డు చేయించింది. నెమ్మదైనవి, వేగమైనవి, కుడికాలికి, ఎడమకాలికి, మెట్లకి, మలుపులకి. ఏళ్ల తరబడి చేస్తే మొత్తం మూడొందల నలభై అయ్యాయి. వాటిని అగ్గిపెట్టెంత ప్లేయర్లలోకి ఎక్కించి, పేషెంట్ చొక్కాకి తగిలించి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టేది. అలాంటి ప్లేయర్లు ఆరు. ఒక్కచేత్తో, చూడకుండా నొక్కగలిగే పెద్ద బటన్ ఒకటి ఉండేది. పాట పేరు ఒక వరసలో జరుగుతూ కనపడే చిన్న తెర. ఆ పేర్లు చూసే ఆవిడ ఎవరికి ఏది కావాలో వెతుక్కునేది. అందుకే పేర్లు ఉత్తరాల్లా ఉండేవి: "ఎడమకాలు ఈడ్చేవాళ్లకి నెమ్మది దరువు, మలుపు దగ్గర ఒక దెబ్బ ఆగి మళ్లీ మొదలు" అన్నట్టు.

పోయినేడు మా పాత కంప్యూటర్ కాలిన వాసన కొట్టి కన్నుమూసింది. కొత్తది వచ్చింది. కంప్యూటర్ సెక్షన్ నుంచి సిస్టమ్స్ సారు వచ్చి పాత డిస్కులో ఉన్నవన్నీ భద్రంగా ఇందులోకి తెచ్చిపెట్టాడు. ప్లేయర్లతో పాటు వచ్చిన పాత ప్రోగ్రామూ ఎక్కించాడు. అది లేకపోతే ప్లేయర్లోకి పాటలు వెళ్లవు. ఫోల్డర్లో ఉన్నవన్నీ ఒకేసారి పంపించేది అదొక్కటే. తాళమక్క ప్లేయర్ తగిలించి, పంపు అని నొక్కింది. పచ్చగీత మెల్లగా జరుగుతూ మూడోవంతు దాకా వెళ్లింది. ఉన్నట్టుండి ప్రోగ్రామ్ కిటికీ మొత్తం తెర మీంచి మాయం. తప్పు జరిగిందనీ లేదు, ఏమైందనీ లేదు. ప్లేయర్ తీసి చూస్తే తెర ఖాళీ. సగంలో ఆగిపోతే పాటల పట్టిక రాయదట, పట్టిక లేకపోతే ప్లేయర్‌కి ఏమీ కనపడదట.

సిస్టమ్స్ సారు ఊరికే కూర్చోలేదు, ఆ మాట చెప్పాలి. ప్రోగ్రామ్ తీసేసి మూడుసార్లు మళ్లీ ఎక్కించాడు. పాత కంప్యూటర్లో నడిచినట్టు నడవమని ఏదో టిక్కు పెట్టాడు. వైరు మార్చాడు, ప్లేయర్ మార్చాడు. ప్రతిసారీ అదే తంతు, ఆరు ప్లేయర్లూ ఖాళీ అయ్యాయి. చివరికి చేతులెత్తేశాడు.

"ఇది ముసలి ప్రోగ్రామండీ. తయారుచేసినవాళ్లే దుకాణం కట్టేశారు. కొత్త కంప్యూటర్‌కి పడదు."

"పడకపోతే తెరుచుకోకూడదు కదా?" అంది తాళమక్క. "తెరుచుకుంటోంది. వంద పాటలు పంపుతోంది. ఆ తర్వాత పడిపోతోంది. ఎక్కడ పడుతోందో చూశారా?"

"ఎక్కడైతే ఏముందండీ, పడిపోతోంది కదా?"

"మీరు ఈ హాల్లో పనిచేసి ఉంటే ఒక్క పేషెంటూ నడిచేవాడు కాదు సారూ."

ఆయన ముఖం మాడిపోయింది. ఆ సాయంత్రమే మా పెద్ద మేడమ్‌కి, అంటే విభాగం చూసే డాక్టరమ్మకి, కాగితం రాసేశాడు: ప్లేయర్లు కాలం చెల్లినవి, తీసేయడం మంచిది. మర్నాడు మేడమ్ తాళమక్కని పిలిచింది. నేను రిజిస్టర్ సంతకానికి అక్కడే ఉన్నాను.

"ఫోన్లో యాప్ ఉంది, నిమిషానికి ఎన్ని దెబ్బలు కావాలో చెప్తే అదే కొడుతుంది. ఈ డబ్బాలెందుకు ఇంకా? ఇదిగో, పనికిరాని వస్తువుల జాబితా. ఆరు ప్లేయర్లు రాశాను, నీ సంతకం కావాలి. శనివారం బండి వస్తుంది."

"పనికొస్తాయి మేడమ్."

"ఎక్కడ పనికొస్తున్నాయి? తెర ఖాళీ."

"అది ప్లేయర్ జబ్బు కాదు. సంతకం పెట్టను."

మేడమ్ కళ్లజోడు తీసింది. ఆవిడ కళ్లజోడు తీసిందంటే మేమంతా తలలు వంచుకుంటాం. తాళమక్క వంచలేదు. "శనివారం దాకా టైముంది కదా మేడమ్, అప్పటిదాకా యాప్ కూడా వాడి చూస్తాను. మీరొచ్చి చూడండి" అని బయటికొచ్చేసింది.

మంగళవారం యాప్‌తో మొదలుపెట్టింది. మొదటి పేషెంట్ లారీ డ్రైవర్ బాబాయ్. ముప్ఫై ఏళ్లు స్టీరింగ్ పట్టినాయన. ఎడమ పక్క పడిపోయి మూడో నెల. మెట్ల దాకా వచ్చాడు, మలుపు దగ్గరే తికమకపడేవాడు. చొక్కా జేబులో ఫోన్ పెట్టి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టి నడిపించింది. యాప్ దెబ్బలన్నీ సమానం. టిక్, టిక్, టిక్. బాబాయ్ ఎడమకాలు ప్రతిసారీ వెనకబడిపోయేది. "అమ్మాయ్, ఇది నన్ను తరుముతోందే" అన్నాడు. సరిగ్గా మలుపు దగ్గర, ఒక కాలు గాల్లో ఉండగా, చెవిలో ఎవడో అరిచాడు. ఇల్లు మారుతున్నారా, సామాన్లు మేం మోస్తాం అని ప్రకటన. బాబాయ్ ఉలిక్కిపడి కాలు మీద కాలు వేసేశాడు. తాళమక్క బెల్టు పట్టుకుని ఉండబట్టి సరిపోయింది, లేకపోతే నేల కరిచేవాడే.

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, చెవిలోంచి తీసేసింది.

"నడిరోడ్డు మీద వెనకనించి హారన్ కొట్టినట్టైంది" అన్నాడు బాబాయ్ చెమట తుడుచుకుంటూ.

గుమ్మంలోంచి పెద్ద మేడమ్ చూస్తూనే ఉంది. "ప్రకటనలు రాని రకం తీసుకుందాంలే" అంది కాస్త మెత్తగా.

"ప్రకటన ఒక్కటే అయితే నేనూ ఊరుకుందును మేడమ్. దానికి రెండు కాళ్లూ ఒకటే. ఇక్కడికి వచ్చేవాళ్లలో ఒక్కరికైనా రెండు కాళ్లూ ఒకలా ఉన్నాయా? ఇక దాంతో నా పేషెంట్‌ని నడిపించను. కావాలంటే నాకు మెమో ఇవ్వండి."

మేడమ్ మెమో ఇవ్వలేదు. ఒప్పుకోనూ లేదు. "శనివారం" అనేసి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం తాళమక్క అన్నయ్య వచ్చాడు. సంగతి విని, "వదిలెయ్యవే, ఏదో కొత్తదానికి పనికొచ్చేలా మళ్లీ వాయిస్తాలే" అన్నాడు.

"మూడొందల నలభై మళ్లీ వాయిస్తావా? నీ మణికట్టు సంగతి నాకు తెలీదనుకున్నావా? గ్లాసెత్తితే వణుకుతోంది."

అన్నయ్య చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ట్రూపులో ఈయన బదులు కంప్యూటర్లోంచే దరువు వేసుకుంటున్నారు ఇప్పుడు. "అక్కడా నన్ను తీసేశారు, ఇక్కడా నన్నే తీసేస్తారన్నమాట" అని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

"ఇక్కడ తియ్యనివ్వను" అంది తాళమక్క.

బుధవారం భోజనాల వేళ హాలు ఖాళీ అవగానే నన్ను పిలిచింది. "నీ రిజిస్టర్ పట్టుకుని రా. ఈ ప్రోగ్రామ్‌ని నడిపిద్దాం."

"నాకేం తెలుసక్కా కంప్యూటర్లు?"

"నాకూ తెలీదు. పడిపోయేవాళ్లు తెలుసు. ఎక్కడ పడుతున్నారో కనిపెట్టాలి, అంతే."

ఆవిడ చేసిన పని చాలా తేలికైనది. మూడొందల నలభై పాటల్లో మొదటి సగం పక్కకి తీసి, మిగతా నూట డెబ్భై పంపింది. గీత చివరిదాకా వెళ్లింది! మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ప్లేయర్ తెర మీద పేర్లు నిండుగా కనపడ్డాయి. అంటే ప్రోగ్రామ్ కొత్త కంప్యూటర్‌కి పడుతుంది. తంటా అంతా పక్కకి తీసిన సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ రెండు చేసింది. ఒకటి వెళ్లింది, ఇంకొకటి మాయమైంది. మాయమైన ముక్కని మళ్లీ రెండు. నేను ప్రతి ముక్కలోని పేర్లూ రిజిస్టర్లో రాసి, పక్కన "వెళ్లింది", "పడింది" అని గుర్తు పెట్టాను. భోజనం ఊసే లేదు. డబ్బాలు అలాగే మూతపెట్టి ఉన్నాయి.

రెండింటికి పేషెంట్లు వచ్చే లోపల ఒక్క పాట దగ్గరికి చేరుకున్నాం. ఎవరిదో కాదు, డ్రైవర్ బాబాయ్ మలుపు దరువే. దాన్నొక్కదాన్నే పంపితే కిటికీ మాయం. "దొంగ దొరికింది" అన్నాను చప్పట్లు కొట్టి. దాన్ని పక్కన పెట్టి మిగతా మూడొందల ముప్ఫై తొమ్మిదీ పంపాం.

పడింది. ఇంకాస్త ముందుకెళ్లి పడింది.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. తాళమక్క మాత్రం మెడ విరుచుకుని, "పర్లేదు, రెండడుగులు ఎక్కువ వేసింది" అని పేషెంట్ల దగ్గరికి వెళ్లిపోయింది. గురువారం భోజనాల వేళ మళ్లీ కూర్చున్నాం. అలా సగాలు చేసుకుంటూ ఇంకో ఐదు దొంగల్ని పట్టాం. ప్రతిదీ తెరిచి విన్నాం. బాగానే మోగుతున్నాయి. మామూలుగా ఉన్నాయి, నిడివిలోనూ పెద్ద తేడా లేదు. మరి ఎందుకు పడుతున్నాయి?

సిస్టమ్స్ సారు అటుగా వచ్చి మా రిజిస్టర్ చూశాడు. ఆయనకి ఆశ్చర్యమేసింది, దాచుకోలేకపోయాడు. "మీరే చేశారా ఇదంతా? సరే, ఆ చెడ్డవి తీసేసి మిగతావి వాడుకోండి. పదో పదిహేనో పోతే ఏమైంది?"

"ఆ పదిలో ఒకటి బాబాయ్‌ది. వెళ్లి ఆయనకి చెప్పండి, మీ మలుపు తీసేశాం, తిన్నగానే నడుచుకోండి అని."

ఆయన రిజిస్టర్ మూసి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున నేను ఆ ఆరు పేర్లూ వేరే పేజీలో శుభ్రంగా రాస్తున్నాను. నా రిజిస్టర్ గడులు వెడల్పైనవే, ఏ పేరైనా ఒక వరసలో పట్టేస్తుంది. ఈ ఆరూ పట్టలేదు. ఆరూ రెండో వరసలోకి జారాయి. ముందు నా చేతిరాతని తిట్టుకున్నాను. తర్వాత పేజీలు వెనక్కి తిప్పి చూశాను. "వెళ్లింది" అని రాసినవన్నీ ఒక్క వరసలోనే ఉన్నాయి.

"అక్కా!" అని అరిచాను. కడ్డీల మధ్య ఉన్న పేషెంట్ కూడా ఆగిపోయాడు.

తాళమక్క వచ్చి చూసింది. రెండుసార్లు చూసింది. బాబాయ్ మలుపు దరువుకి ఒక నకలు తీసి, దాని పేరు "మలుపు" అని మాత్రమే పెట్టి పంపింది. వెళ్లింది. పేరు పూర్తిగా పెట్టి పంపింది. పడింది. మళ్లీ "మలుపు". వెళ్లింది. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి, మొదటిసారి పగలబడి నవ్వింది. "దీని ఇంట్లో గుమ్మం పొట్టిది, అంతే. పొడుగువాళ్లు తల కొట్టుకుని పడిపోతున్నారు."

"మరి పాత కంప్యూటర్లో ఈ పేర్లే కదక్కా ఉన్నవి?"

ఆవిడ నవ్వు ఆగింది. "అవును కదా. అయితే పేర్లొక్కటే కాదు."

ఇంకో గంట వెతికితే అదీ దొరికింది. పాత కంప్యూటర్లో పాటలు డ్రైవ్ తెరవగానే ఎదురుగా "దరువులు" అనే ఫోల్డర్లో ఉండేవి. సిస్టమ్స్ సారు ఇక్కడ వాటిని ఫోల్డర్లో ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టి దాచాడు. ఆసుపత్రి పూర్తి పేరు, అందులో ప్రధాన భవనం రెండో అంతస్తు, అందులో ఫిజియోథెరపీ మరియు పునరావాస విభాగం, అందులో పాత కంప్యూటర్ నుండి తీసుకువచ్చిన ఫైళ్లు, అందులో సరిచూడవలసినవి, అప్పుడు దరువులు. ఆ దారంతా కలిపితేనే పాట పేరు. ప్రోగ్రామ్ ఆ మొత్తాన్ని చదవబోయి ఊపిరాడక పడిపోతోంది.

"ఉత్తరం మీద రాసే చిరునామా ఇంత ఉంటే పోస్ట్‌మ్యాన్ కూడా పడిపోతాడు" అన్నాన్నేను.

శనివారం పొద్దున్నే పెద్ద మేడమ్ వచ్చింది, చేతిలో ఆ జాబితా. వెనకాల సిస్టమ్స్ సారు. బెంచీ మీద డ్రైవర్ బాబాయ్ తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. తాళమక్క రిజిస్టర్ తెరిచి ఇద్దరికీ మొత్తం చూపించింది, నా గడులతో సహా.

సిస్టమ్స్ సారు తలూపాడు. "అర్థమైంది. దీనికేముందండీ, మీ పాటల పేర్లు చిన్నవి చేసుకోండి. నంబర్లు పెట్టుకుంటే ఇంకా మేలు."

"చెయ్యను."

"అంటే?"

"ఆ పేర్లు చూసే ఎవరి కాలికి ఏది కావాలో తీస్తాను. నంబర్ చూస్తే నాకు కాలు కనపడదు. తప్పు దరువు వేశానంటే పడేది మీరు కాదు. మీ ఫోల్డర్లు కత్తిరించండి."

"అది నిబంధనండీ. ప్రతి విభాగానికీ అదే వరస. ఒక్కరి కోసం మార్చలేం."

"ఆ నిబంధన ఎవరు రాశారు?"

ఆయన తల గోక్కున్నాడు. "నేనే."

బెంచీ మీంచి బాబాయ్ కిసుక్కున నవ్వాడు. మేడమ్ అటు చూడలేదు గానీ, ఆవిడ పెదవి కూడా కొంచెం కదిలిందని నా అనుమానం.

"ఫోల్డర్ మారిస్తే పనిచేస్తుందా?" అని అడిగింది మేడమ్, తాళమక్కని కాదు, ఆయన్ని.

"చేయొచ్చు మేడమ్."

"చేసి చూడండి."

ఆయన కూర్చుని దరువుల ఫోల్డర్‌ని బయటికి లాగి, పాత కంప్యూటర్లో ఉన్నట్టే ఎదురుగా పెట్టాడు. తాళమక్క ప్లేయర్ తగిలించి, పంపు అని నొక్కింది. గీత కదిలింది. మూడోవంతు. సగం. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి మూడొందల నలభై అని అంకె వచ్చి ఉంది, కిటికీ అలాగే ఉంది.

తాళమక్క ప్లేయర్ ఊడదీసి, పేరు వెతికి, బాబాయ్ చొక్కాకి తగిలించి బెల్టు కట్టింది. ఆయన లేచాడు. చిన్న దెబ్బకి కుడికాలు, సాగిన దెబ్బకి ఎడమకాలు. మలుపు దగ్గర ఆగాడు. అన్నయ్య దరువులో ఆ ఆగడం కూడా ఉంది. తిరిగాడు. తిరిగి మా వైపు వచ్చాడు, ముఖం ఎర్రబడి, "పక్కకి జరగండి, బ్రేకులింకా సరిగ్గా లేవు" అంటూ.

మేడమ్ జాబితాలోంచి ఆరు ప్లేయర్లు కొట్టేసింది. మెచ్చుకోలు లేదు, ఒక్క మంచి మాట లేదు. తను తెప్పించాలనుకున్న యాప్ ఆగిపోయినందుకు ఆవిడకి లోపల బాగానే గుచ్చుకుంది. పై నెల డ్యూటీ పట్టీ వచ్చింది. నాలుగు ఆదివారాలూ తాళమక్కకే. చదివి నాకు ఒళ్లు మండింది, వెళ్లి అడుగుతానని లేచాను.

"కూర్చో" అంది ఆవిడ. "ఆదివారం అడ్డు చెప్పేవాళ్లెవరూ ఉండరు. నాకు కావలసిందే ఇది."

నాకు అర్థం కాలేదు. మొదటి ఆదివారం తోడుగా నేనూ వెళ్లాక అర్థమైంది. పేషెంట్లని లిఫ్టులో కిందికి దించి, ఆసుపత్రి గేటు బయట కాలిబాట మీద నడిపించడం మొదలుపెట్టింది. నున్నటి హాలు నేల కాదు. ఎగుడుదిగుడు రాళ్లు, అడ్డొచ్చే సైకిళ్లు, మనుషులు. ఒక్కో వారం ఒక్కో మనిషిని, వెంట వాళ్లింటివాళ్లని పెట్టుకుని. మూడో ఆదివారం పెద్ద మేడమ్ ఏదో పనిమీద వచ్చి, కారు దిగుతూ చూసింది.

"పేషెంట్లని రోడ్డు మీదికి తెమ్మని ఎవరు చెప్పారు నీకు?"

తాళమక్క ఆగలేదు. బెల్టు పట్టుకుని అడుగులో అడుగు వేస్తూనే ఉంది.

"ఇంటికెళ్లాక వీళ్లు నడవాల్సింది దీని మీదే కదా మేడమ్. కొంచెం దారి ఇవ్వండి, ఈయన కుడివైపు తిరుగుతున్నారు."

మేడమ్ కారు తలుపు మూసి పక్కకి జరిగింది.